ఎనిమిదిన్నర యూటీసీ

పాలకుర్తిల నెట్ సెంటర్ పెట్టిన కొత్తల్ల 'నాకు తెల్వదు' అనే మాట నా నోట్లకెళ్లి వచ్చేది కాదు. దానితోని చేసిన ఒక పని యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతది.

కొడకండ్ల దిక్కు తండా నుంచి ఒకామె వచ్చేది. జనగామల ఒక ప్రైవేటు దవాఖానల నర్సు. ఐర్లాండుల కొలువుకు దరఖాస్తు నా దగ్గర్నే పెట్టింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ కాగితం రాంగనే ప్రింటు తీసిచ్చి, "పొద్దుగాల ఎనిమిదిన్నరకు" అని చెప్పిన. టైం పక్కన యూటీసీ అని ఉంది.

"గిదేంది అన్నా?" ఆమె వేలు పెట్టి మరీ అడిగింది.

"కంప్యూటర్ టైం. పట్టించుకోకు," అన్న.

ఇంటర్వ్యూ రోజు డ్యూటీకి సెలవు పెట్టి మొదటి ఆటోకు నా సెంటర్‌కు వచ్చింది. ఇంట్ల లంబాడి మాట్లాడే మనిషి, ఇంగ్లీషు జవాబులు పెదాలు కదుపుకుంట వల్లె వేస్తాంది. పదకొండు దాక తెర మీదికి ఎవ్వరూ రాలె.

"గీ కంపెనీలన్నీ దొంగయే అక్కా," అన్న. ఆమె లేచి పోయింది.

సరిగ్గ రెండింటికి అన్నం తింటాన. మూయకుండ వదిలేసిన ఆ లింకుల ఇద్దరు మనుషులు కనపడ్డరు. ఆమె పేరు పెట్టి పిలుస్తున్నరు. అప్పుడన్న ఆమెకు ఫోన్ చేసేది ఉండె. ఎంగిలి చెయ్యితోని కంప్యూటర్ స్విచ్ బంద్ చేసిన.

సాయంత్రం వెతికి చదివిన. లోకమంతా లెక్క పట్టుకునే ఉమ్మడి టైం ఒకటున్నదట, అదే యూటీసీ. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. యూటీసీల ఎనిమిదిన్నర అంటే మనకు పగటి రెండు. చదవనీకి రెండు నిమిషాలు పట్టింది. అయినా ఆమెకు చెప్పలె.

నాలుగు రోజులకు ఆమెనే వచ్చింది. 'మీరు హాజరు కాలేదు' అనే మెయిల్ ఫోన్ల చూపించి, "ఏమైంది అన్నా?" అన్నది.

అంతా చెప్పిన, స్విచ్ సంగతి సుత. ఆమె కోపం చెయ్యలె.

"తెల్వదంటే మా డాక్టరమ్మను అడుగుదును గదా," అన్నది.

నా కుర్చీలనే కూసోని వాళ్లకు మెయిల్ రాసింది. 'టైం తప్పుగ అర్థం చేసుకున్న, తప్పు నాదే' అని తన మీదనే రాసుకుంది. నా పేరు రాయమని నేను అనలె. పక్కన నిలబడి చూసిన, అంతే.

వాళ్లు మళ్ల అవకాశం ఇయ్యలె. ఏడాది తర్వాత జనగామల వేరే సెంటర్ల దరఖాస్తు పెట్టి ఆమె ఇంకో దేశం పోయిందని ఆటో అన్న చెప్పిండు. మంచిగయిందని అందరం అన్నం. ఆ మాట నా నోట్లకెళ్లి వస్తుంటే ఉమ్మెయ్యాలనిపించింది.