ఒక తాళం ముందే బల్తజార్

బల్తజార్‌కు ఆగడం రాదు. జర్మనీలో తురింగియా కొండల్లోని మా ఊరి చర్చిలో పాట ఎక్కడ ఆగాలో అక్కడ ఆయన మొదలుపెడతాడు. అదీ సరిగ్గా ఒక తాళం ముందు, చెక్కనేల మీద ఒక్క తాపు తన్ని మరీ. పందెంలో పిల్లలు ముందే ఉరికితే "బల్తజార్‌లా దూకకురా" అని తిట్టడం ఊళ్ళో మామూలైపోయింది.

ఆయన వృత్తి రొట్టెలు కాల్చడం. చిత్రమేమిటంటే ఆయన బట్టీలో ఒక్క రొట్టె మాడిందీ లేదు, పచ్చిగా దిగిందీ లేదు. పొయ్యి దగ్గర అంత నిదానమున్న మనిషికి దేవుడి దగ్గరే ఎందుకమ్మా ఈ తొందర అని భార్య దొరోతియా నూతి దగ్గర వాపోయేది.

ఆ ఏడు హెర్విగ్ మాస్టారు కొత్తగా వచ్చాడు. బడిలో చదువూ, చర్చిలో పాటా ఆయనే నేర్పాలి. ప్రాయశ్చిత్త దినానికి స్వయంగా ఒక పాట కట్టాడు. అగాధంలోంచి దేవుడికి మొరపెట్టుకునే కీర్తన అది. గొంతులన్నీ ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోంచి రెండే రెండు మంద్రపు గొంతులు మెల్లగా లేవాలి. ఒకటి బల్తజార్‌ది, రెండోది బూట్లు కుట్టే ఏబర్ట్ పెద్దాయనది. ఆ నిశ్శబ్దం కోసం మాస్టారు చలికాలమంతా నిద్ర మానుకున్నాడు.

సాధనలో ఆ నిశ్శబ్దం ఒక్కసారీ బతికి బట్టకట్టలేదు. ధన్‌మని తాపు, వెంటనే బల్తజార్ గావుకేక. ఏబర్ట్ మాత్రం ఠంచనుగా తాళం మీదే అందుకునేవాడు.

"డెబ్బై దాటినవాణ్ణి. నన్ను చూసైనా నేర్చుకోరా," అని కసిరేవాడు.

"నేర్చుకుంటా బాబాయ్," అని బల్తజార్ అరిచేవాడు. ఏబర్ట్‌తో ఆయన ఎప్పుడూ అరిచే మాట్లాడేవాడు. దాన్ని కూడా ఊరు మొరటుతనం కిందే జమకట్టింది.

చివరికి మాస్టారి ఓపిక నశించింది. తాళం తప్పేవాళ్ళకు పాటగాళ్ళు నిలబడి పాడే అటక మీద చోటు లేదని తేల్చేసి, బల్తజార్‌ను కింద జనంలో కూర్చోమన్నాడు. పాటగాళ్ళకు ఊరు ఏటా పోసే బీరు కూడా దాంతోపాటే పోయింది. బల్తజార్ బతిమాలలేదు.

"బాబాయిని మాత్రం కదపకండి మాస్టారూ. పిన్ని పోయాక ఆయనకు మిగిలింది ఈ అటకొక్కటే," అని దిగి వెళ్ళాడు.

తాళం తప్పనివాణ్ణి ఎవరైనా తీసేస్తారా అని మాస్టారు నవ్వుకున్నాడు.

ప్రాయశ్చిత్త దినాన చర్చి కిటకిటలాడింది. గొంతులు ఏడ్చాయి, ఆగాయి. నిశ్శబ్దం అచ్చం మాస్టారు కలగన్నట్టే ఉంది. ఆయన చెయ్యి దించాడు. ఏ గొంతూ లేవలేదు. ఏబర్ట్ కాగితంలోకే చూస్తూ, పాదంతో నేలను తడుముకుంటున్నాడు. మాస్టారు పేరుపెట్టి పిలిచాడు. పక్కవాళ్ళంతా తిరిగి చూశారు గానీ ముసలాయన తలెత్తలేదు. ఆయనకు చెవులు దాదాపుగా పనిచెయ్యడం మానేసి చాలా కాలమైందని మాస్టారికి అప్పుడు తట్టింది.

అంతలో అటకను మోసే స్తంభాన్ని కిందనుంచి ఎవరో ఫెడీమని తన్నారు. అటక అదిరింది, వెనకే గావుకేక లేచింది. సరిగ్గా ఒక తాళం తర్వాత ఏబర్ట్ గంభీరంగా అందుకున్నాడు. జనం నవ్వు దాచుకోలేక కీర్తన పుస్తకాలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు.

ఆరాధన ముగిశాక మాస్టారు గబగబా మెట్లు దిగి బల్తజార్ చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే ఆదివారం పైకి రండి. ఎప్పటిలాగే ముందే అందుకోండి."

ఏబర్ట్ మాస్టారి వెనకే దిగాడు. "కిందనుంచి కూడా తప్పే కూశాడు వెధవ. నేను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మీ పాట నీళ్ళపాలయ్యేది మాస్టారూ."

అసలు సంగతి చెబుదామని మాస్టారు నోరు తెరవబోయాడు. ఒక తాళం ముందే బల్తజార్ ఆయన కాలు తొక్కాడు.