సుగుణ గారి ఐదు నిమిషాలు

నిన్న ఇర్వింగ్‌లో మందుల షాపులో కూర్చుని ఉంటే, పక్కన ఎవరో బీపీ పట్టీని చర్రుమని ఊడదీశారు. అంతే, కాలు మీద వేసుకున్న నా కాలు దానంతటదే కిందికి దిగింది, నోరు మూతపడింది. ఇన్నేళ్లయినా సుగుణ గారు నన్ను వదిలిపెట్టరు కదా అని విసుగొచ్చింది.

ఆవిడ వరంగల్ నుంచి అమెరికా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నర్సు. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాకా ఆడవాళ్ల గుండె, రక్తనాళాలు ఎలా మారతాయో కొలిచే ఒక పరిశోధనలో పనిచేసేవారు. కడుపుతో ఉండగా నేనూ అందులో చేరాను. కొలిచే ముందు ఐదు నిమిషాలు నోరు మెదపకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు. మధ్యలో ఒక్క మాట జారినా మళ్లీ మొదటి నుంచే. ఆఫీస్ మీటింగ్ వదులుకుని వచ్చిన నాకు ఒళ్లు మండేది.

"కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందండీ?" అన్నానొకసారి.

"అటిటు అయితే ఆ నంబరు నీది గాదు బిడ్డా, నీ మీటింగ్‌ది," అన్నారు.

పాప పుట్టాక సుగుణ గారి దగ్గర బీపీ చూపించుకోవడానికి నేను వెళ్లలేదు. బాలింత గడప దాటకూడదని అమ్మ పట్టు. అప్పటికే రెండు రోజులుగా తల పగిలిపోతోంది. చలిగాలి అని అమ్మ చెవుల్లో దూది పెట్టింది, నిద్ర చాలక అన్నారు మా ఆయన, వాము పొగ వేయమని వీడియో కాల్‌లో అత్తయ్య. ఆ పొద్దున ఇంట్లో మిషన్‌తో చూస్తే బీపీ ఎక్కువే వచ్చింది. "ఇంత గోలలో ఎక్కువ కాక ఏమొస్తుంది!" అని అమ్మ తేల్చేసింది. నేను రాకపోయేసరికి ఆ మధ్యాహ్నం సుగుణ గారే మిషన్ పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు.

"అందరు జర బయటికి పోండ్రి. ఆ ఫోన్ గూడ బంద్ చేయుండ్రి."

"బాలింతని ఒంటరిగా వదలకూడదమ్మా," అంది అమ్మ.

"ఒంటరిగ ఎందుకుంటది, నేను లేనా?" అని తలుపేశారు.

తలనొప్పితో చస్తుంటే మళ్లీ ఆ ఐదు నిమిషాలా! కోపంతో పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. చివరికి పట్టీ బిగిసింది. పొద్దుటి కంటే ఎక్కువ. ఇంకాసేపు ఆగి చూసినా అంతే. ఆవిడ తలుపు తీశారు.

"ఇప్పుడు గోల లేదు, ఫోన్ లేదు. ఇగ దేని మీద పెడ్తరు? కారు తియ్యి తమ్మీ, ఎమర్జెన్సీకి పోదాం."

అమ్మ గడప మాట ఎత్తలేదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చేదని అక్కడి డాక్టర్ చెప్పారు.

ఇప్పుడు ఎవరింట్లో కాన్పయినా అందరూ ఉయ్యాల చుట్టూ మూగుతారు, నేను మిషన్ పట్టుకుని తల్లి పక్కన కూర్చుంటాను. అందరినీ బయటికి పొమ్మంటాను. పాపని చూడ్డానికొచ్చి ఈ చాదస్తమేంటని వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నా కూతురికి తల్లి మిగిలింది ఆ ఐదు నిమిషాల వల్లే.