మూడు దోసిళ్ళ తవుడు

మా పెద్దమ్మ పైడితల్లి లెక్కలో తెల్లవాళ్ళు రెండు రకాలు. ఇంగ్లీషువాళ్ళు పలకరించరు, కూర్చోమనరు, జీతం తేదీ మాత్రం తప్పించరు. ఐరిష్‌వాళ్ళు పలకరిస్తారు, కూర్చోబెడతారు, ఏడుస్తారు, ఏడిపిస్తారు. 1922 నుంచి 1927 దాకా రంగూన్లో ఫాహీ సార్జంటు ఇంట్లో ఆయాగా చేసింది గనక ఆ మాట అనే హక్కు ఆమెకుంది. నేను ఆమె చెల్లెలి కూతుర్ని. ఈ సంగతి ఆమె నోట ఇరవైసార్లు విన్నాను. దయ్యాలను నేను నమ్మను. అయినా దీపాలవేళ, రంగూన్లో మనవాళ్ళ పేట పజుండౌంగ్‌లో ఆమె ఇంటి గడప మీద మాత్రం కూర్చోను.

పెదనాన్న కన్నయ్య అహ్లోన్‌లో బియ్యం మిల్లు కూలీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా తవుడు ఉండేది. వాళ్ళకు పిల్లలు లేరు. పెళ్ళయిన ఎనిమిదో ఏడు వచ్చేసరికి, ఇక పుట్టరని వీధిలో ఆడవాళ్ళంతా తేల్చేశారు. అలా తేల్చినవాళ్ళ నోళ్ళు పడిపోనూ, పెద్దమ్మ ఇంట్లో కూర్చోలేక పనికి బయల్దేరింది అందుకే.

పోలీసు క్వార్టర్స్‌లో మొదటిరోజు సార్జంటు భార్య డీలియా దొరసాని ఆమెను బల్ల దగ్గర కుర్చీలో కూర్చోమంది. పెద్దమ్మ హడలిపోయి నేల మీద కూర్చుంది. దొరసాని కూడా టీ కప్పు పట్టుకుని వచ్చి పక్కనే నేల మీద చతికిలబడింది. ఆ ఇంట్లో ఏదీ ఒక్కసారి పెట్టి ఊరుకోరు. వద్దంటే మొదటిసారి వినిపించుకోరు, రెండోసారి నమ్మరు, మూడోసారి అలుగుతారు. కడుపు పగిలేలా టీ తాగి ఇంటికొచ్చేది పెద్దమ్మ. దొరసాని ఆమె దగ్గరే తెలుగు నేర్చుకుంది, ఆమె యాసతో సహా. తెల్లటి మొహంలోంచి "ఏటే పైడీ" అని వినిపిస్తే బజారులో జనం వెనక్కి తిరిగి చూసేవారట.

ఇక సార్జంటు. పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకుని పాటలు పాడేవాడు. అదే చేత్తో జెట్టీ మీద కూలీల వీపులు బెత్తంతో చీరేవాడు. ఆ వీపులన్నీ మనవాళ్ళవే. ఒకరోజు మిల్లు బస్తాలతో వెళ్ళిన పెదనాన్న వీపు కూడా చీరాడు, ఎవరో తెలియకుండానే. మర్నాడు పెద్దమ్మ చెబితే దొరసాని మొగుణ్ణి తిట్టిన తిట్లు క్వార్టర్స్ అంతా విన్నది. ఆ సాయంత్రం సార్జంటు మందుసీసా పట్టుకుని పజుండౌంగ్ వచ్చి, పెదనాన్న ముందు కూర్చుని భోరున ఏడ్చాడు. వాళ్ళ దేశంలో వాళ్ళన్నను ఇదే రాజుగారి మనుషులు ఇలాగే కొట్టారట. ఏడ్చి, తెల్లారి మళ్ళీ బెత్తం పట్టుకుని జెట్టీకే పోయాడు. పెదనాన్న అతన్ని చచ్చేదాకా క్షమించలేదు. నేనూ క్షమించను.

పెద్దమ్మను భయపెట్టింది మాత్రం ఆ బెత్తం కాదు. ఆ ఇంట్లో వాడిన నీళ్ళు పారబోసేముందు దొరసాని కిటికీలోంచి చెయ్యూపి, "తప్పుకోండి, నీళ్ళు వస్తున్నాయి" అని వాళ్ళ భాషలో చెప్పేది. బయట ఎవరూ ఉండేవారు కారు. దీపాలవేళ కిటికీ గట్టు మీద గిన్నెతో పాలు పెట్టేది. ఎవరికమ్మా అంటే "మంచోళ్ళకి" అనేది. ఆ మంచివాళ్ళు ఎంత మంచివాళ్ళో పెద్దమ్మకు త్వరలోనే అర్థమైంది. కంటికి కనబడనివాళ్ళు, భయంతో పెట్టిన పేరది. చీకటి పడ్డాక మనం పామును పురుగు అంటాం, ఇదీ అలాంటిదే. మగపిల్లలు ఇంపుగా కనిపిస్తే ఎత్తుకుపోతారట. దొరసాని మొదటి ఇద్దరు కొడుకులూ పోయింది రంగూన్లోనే, 1921 వానల్లో, వారం తేడాలో, జ్వరంతో. డాక్టరు జ్వరం అన్నాడు. ఆమె మాత్రం మంచివాళ్ళ పనే అంది. అందుకే మూడోవాడు కోల్మన్‌కు పుట్టినప్పటినుంచీ గౌను తొడిగి, జుట్టు పెంచి, ఆడపిల్లలా తిప్పేది. క్వార్టర్స్‌లో ఇంగ్లీషు దొరసానులు మూతులు ముడుచుకుని నవ్వుకునేవారు.

పెద్దమ్మకు నవ్వు రాలేదు. మన ఊళ్ళల్లో చేసేది కూడా అలాంటిదే కదా. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతాం. ఇంకో ఆడమనిషి వచ్చి దోసెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. బిడ్డ పెరిగేది కన్నతల్లి దగ్గరే, లెక్కకు మాత్రం కొన్నావిడ బిడ్డ. తీసుకుపోదామని వచ్చినవాళ్ళు కన్నతల్లి పేరు చెప్పి వెతికితే బిడ్డ దొరకడు. తవిటయ్యలూ తవిటమ్మలూ మనలో అంతమంది ఉన్నది అందుకే.

1924 వానల్లో కోల్మన్‌కు జ్వరం వచ్చింది. అప్పటికి వాడికి రెండున్నర. రోజూ దీపాలవేళకు కళ్ళు తెరిచి, గది మూలకు చూస్తూ కబుర్లు చెప్పేవాడు. రొట్టె ఇస్తే మూడు ముక్కలు చేసి, ఒకటి తిని, రెండు ఆ మూలకు జరిపేవాడు. ఒకనాడు "టామస్, ఫింటన్" అని పిలిచి నవ్వాడు. పెద్దమ్మ దొరసాని మొహం చూసింది. అవి పోయిన పిల్లల పేర్లు. వాడి ముందు ఆ పేర్లు ఎవరూ ఎత్తలేదట. ఆ రాత్రి కిటికీ గట్టు మీద పెట్టిన పాలు తెల్లారేసరికి లేవు. గిన్నె మాత్రం కడిగినట్టుంది.

"అన్నలు తోలుకుపోడానికి వచ్చీసినారమ్మా," అంది పెద్దమ్మ. "నాకు అమ్మీయండి. నా బిడ్డంటే ముట్టుకోరు."

దొరసాని వెంటనే ఒప్పుకోలేదు. ఒక రోజంతా ఆలోచించింది. ఆ ఆలోచన దేనిగురించో మూడేళ్ళదాకా ఎవరికీ తెలియలేదు.

మర్నాటి మధ్యాహ్నం తుంపరలో, క్వార్టర్స్ వెనక చెత్తకుప్ప మీద, చేటలో పిల్లవాణ్ణి పడుకోబెట్టారు. పెదనాన్న మిల్లునుంచి గోతంలో తవుడు తెచ్చాడు, సార్జంటు ఊళ్ళో లేడు గనకే తెచ్చాడు. పెద్దమ్మ దోసెడు తవుడు దొరసాని ఏప్రన్‌లో పోసింది. దొరసాని వాళ్ళ భాషలో, వినీ వినబడకుండా ఏదో అంది. ఏప్రన్ మాత్రం మూయలేదు.

"ఇంకా," అంది.

పెద్దమ్మ రెండో దోసిలి పోసింది. దొరసాని మళ్ళీ ఏదో అని, మళ్ళీ "ఇంకా" అంది. మూడోది పోశాకే ఏప్రన్ మూసింది.

"ఒక బిడ్డకి ఒక దోసిలే కదేటే? మూడేటి?" అని పెదనాన్న గొణిగాడు.

"ఈళ్ళింట్లో ఏదీ ఒకపాలితో తీరదులే," అని పెద్దమ్మ నవ్వేసింది. మూడుసార్లు టీ పోసే మనుషులకు మూడు దోసిళ్ళు పోస్తే తప్పేమిటనుకుంది. మన ఊళ్ళో అయితే పక్కనున్న ఏ ముసలమ్మయినా చెయ్యి పట్టుకుని ఆపేది. అక్కడ ఆపేవాళ్ళు లేరు.

తెల్లారేసరికి జ్వరం దిగింది. పిల్లవాడు మూలకు చూడటం మానేశాడు. కిటికీ గట్టు మీద పాలు అలాగే మీగడ కట్టి, చీమలు పట్టాయి. దొరసాని ఆ గిన్నె ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషమనుకుంది మా పిచ్చి పెద్దమ్మ.

మూడోరోజు దీపాలవేళ పజుండౌంగ్‌లో ఆమె ఇంటి తలుపు చప్పుడైంది. కింద, మోకాలి ఎత్తులో. తీస్తే ఎవరూ లేరు. పెదనాన్న చొక్కా దులిపిన తవుడు గడప లోపల పలచగా పరుచుకుని ఉంది. అందులో రెండు జతల చిన్న పాదాలు. ఒక జతలో ఎడమపాదం లోపలికి మెలితిరిగి, అంచు మాత్రమే పడింది. అన్నీ లోపలికి వచ్చినవే. బయటికి వెళ్ళినవి ఒక్కటీ లేవు. ఇంట్లో చూస్తే కుండ వెనకా లేరు, చాప కిందా లేరు. ఆమె అలా చాప ఎత్తి చూశానని చెప్పినప్పుడల్లా నా వీపు జిల్లుమనేది.

పిల్లవాణ్ణి కొన్నది తనేనని ఆ పోయిన అన్నలకు తెలిసిపోయిందనుకుంది పెద్దమ్మ. ఇక్కడ వెతికి, దొరక్క, మళ్ళీ అక్కడికే పోతే? తమ్ముడు పోతాడు. ఆ భయంతో ఆమె మూడేళ్ళు కాపలా కాసింది. గడపకు ఇనుపమేకు కొట్టింది. వేపమండలు కట్టింది. ఎర్రనీళ్ళు తిప్పి పారబోసింది. తలుపు చప్పుడైన ప్రతి సాయంత్రం చీపురు పుచ్చుకుని లేచేది.

"పొండర్రా! మీకేటి లేదిక్కడ. ఈ గుమ్మం తొక్కితే కాళ్ళిరిసేస్తాను!"

ఆ అరుపు వీధంతా వినబడేది. పక్కింటి సన్యాసమ్మ ఒకసారి, నువ్వు తిట్టాక ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు వినబడుతుందే అంది. పిల్లేమోలే అంది పెద్దమ్మ. కానీ ఆ పూట అన్నం తినలేకపోయింది. చప్పుడు రానురాను తగ్గింది. ఆఖరి ఏడాది మొత్తమ్మీద నాలుగైదుసార్లు వచ్చిందేమో. గెలిచాననుకుంది.

1927లో సార్జంటు అన్న పోయి, వాళ్ళ ఊళ్ళో పొలం ఇతని చేతికొచ్చింది. ఉద్యోగం వదిలి వెళ్ళిపోతున్నారు. పెద్దమ్మకు వారం రోజులు ముద్ద దిగలేదు. అయిదేళ్ళు తన చంకలో పెరిగినవాడు, అందులో మూడేళ్ళు తను కొన్న కొడుకు. అయినా సముద్రాలు దాటినంత దూరాన కొన్నతల్లి ఉంటే బిడ్డకు మంచిది కాదు. తవుడు తిరిగి పుచ్చుకుని విడిపించెయ్యాలి. తనే ఆ మాట చెప్పింది. చెప్పడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించండి.

ఓడెక్కే ఉదయం జెట్టీ మీద దొరసాని టీ డబ్బా తెరిచింది. మూడేళ్ళనాటి తవుడు, పురుగైనా పట్టలేదు. పెద్దమ్మ కొంగు పట్టింది. దొరసాని ఒక్క దోసిలి పోసి, కోల్మన్ తలమీద చెయ్యేసి, డబ్బా మూత పెట్టేసింది.

"ఇంకా రెండు దోసిళ్ళు ఉన్నాయి కదమ్మా," అంది పెద్దమ్మ.

"అవి ఇవ్వను పైడీ. ఇస్తే ఆళ్ళు నీ కాడ ఉండరు."

"ఎవులమ్మా?"

"ఆ దినం మూడు దోసిళ్ళు అడిగాను. ఒక్కోదానికి ఒక్కో పేరు సెప్పాను. టామస్. ఫింటన్. కోల్మన్." దొరసాని డబ్బా గుండెకు హత్తుకుంది. "ఎప్పటికైనా ఎల్లిపోతామని నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఆళ్ళకి ఎవులున్నారు? సెప్తే నువ్వు కొనవని సెప్పలేదు. నీ బిడ్డలే ఆళ్ళు. ఫింటన్‌కి ఎడమకాలు లోపలికి తిరిగుంటాది. గడప ఎత్తుగా ఉంటే ఎక్కలేడు. సూసుకో."

పెద్దమ్మకు గడప తవుడులో పడ్డ ఆ పాదం గుర్తొచ్చింది. ఆ కాలి సంగతి అంతకుముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఓడ కూత వేసింది. కోల్మన్ తన గౌను అంచు పట్టుకుని మెట్లెక్కుతూ చెయ్యి ఊపాడు. ఆమె ఊపిందో లేదో ఆమెకే గుర్తులేదు.

నాకు ఆ దొరసాని మీద ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేల మీద పక్కన కూర్చుని టీ తాగిన మనిషి, చచ్చిన పిల్లల్ని చెప్పకుండా అంటగడుతుందా? పెద్దమ్మ మాత్రం ఆమెను ఒక్క మాట అననిచ్చేది కాదు. "నన్ను తల్లిని సేసిందే," అనేది. ఆమె ఏడ్చింది వేరే దానికి.

"మూడేళ్ళు సీపురు పుచ్చుకుని తరిమాను. నా బిడ్డలు నా ఇంటికొస్తే, కాళ్ళిరిసేస్తానన్నాను. ఆ కాళ్ళని."

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి మేకు పీకేసింది. వేపమండలు తీసేసింది. గడప పక్కన ఇటుక పెట్టి మెట్టు చేసింది. రెండు గ్లాసుల్లో పాలు పోసి, గడప లోపల తవుడు చల్లి కూర్చుంది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. పాలు మీగడ కట్టి, చీమలు పట్టాయి. నీళ్ళు పారబోసేముందు "తప్పుకోండి నాయనా" అనడం మొదలుపెట్టింది. పిల్లలు లేక మనిషికి మతి పోయిందని వీధిలో చెవులు కొరుక్కున్నారు.

ఏడోనాడు గడప అవతల, వీధి బురదలో పాదాలు కనబడ్డాయి. ఇటుకదాకా వచ్చి ఆగాయి. మెలితిరిగిన పాదం మిగతా జతకు వెనకగా ఉంది. పెద్దమ్మ చీపురు తీసుకెళ్ళి, వాళ్ళకు కనబడేలా, పొయ్యిలో పెట్టి కాల్చేసింది. తర్వాత గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. చాలాసేపు అలాగే ఉంది. చెయ్యి నొప్పి పుట్టింది. అప్పుడు ఆ చేతివేళ్ళు రెండు చల్లబడ్డాయి.

పెదనాన్న మిల్లునుంచి ఏదో పాడుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు. గ్లాసులు రెండూ ఖాళీగా ఉన్నాయి. తవుడులో అడుగులు చాపదాకా వెళ్ళాయి. చాప మీద సగం ఖాళీగా వదిలి, పెద్దమ్మ ఒక అంచున పడుకుని, ఖాళీ చోట నెమ్మదిగా జోకొడుతోంది.

"ఏటే ఇది?" అన్నాడు.

"గట్టిగా మాట్లాడకు. ఇప్పుడే పడుకున్నారు," అంది.

పెదనాన్న ఆమె మొహం వంక చూశాడు. తర్వాత చేతిలోని కేరేజీ చప్పుడు కాకుండా కింద పెట్టి, చొక్కా దులపడానికి ఈసారి బయటికి వెళ్ళాడు.