పత్తి కొట్టులో రత్నమ్మ సినిమా

మా చిన్నప్పుడు... ఆదోనిలో మా ఇంటి వెనక పత్తి కొట్టు ఉండేది. బేళ్లన్నీ బండ్లకెక్కి వెళ్లిపోయాక అదే మా సినిమా హాలు.

మాడిపోయిన బల్బులో నీళ్లు నింపి, దాని ముందు రీలు ముక్క పట్టుకునేది మా అక్క. నేను బయట నిలబడి, తలుపు సందులోంచి అద్దంతో ఎండను లోపలికి కొట్టేదాన్ని. గోడకు కట్టిన తాత పంచె మీద బొమ్మ పడేది... నిప్పు లేని ఆట గనుక నాన్న ఏమీ అనేవారు కాదు.

మా వీధి చివర రత్నమ్మ ఉండేది. వయసులో ఉండగా బొంబాయి వెళ్లి మూకీ సినిమాల్లో వేషాలు వేసిందట. సినిమాలకు మాటలొచ్చాక ఆమె యాస విని నవ్వి, పిలవడం మానేశారట. తిరిగొచ్చి మిల్లులో పత్తి ఏరుకుంటూ బతికేది.

ఈ కథ ఎవరూ నమ్మేవారు కాదు. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచే మా అమ్మ, ఆ గడప మాత్రం తొక్కేది కాదు.

"మాటల్లేని సినిమా యాడన్నా ఉంటాదా? యాడ తిరిగొచ్చిందో ఏమో!" అనేది.

ఒక ఏడు శ్రావణంలో, ఒక మధ్యాహ్నం రత్నమ్మే వచ్చి, కొంగుముడి విప్పి, ఒక రీలు ముక్క అక్క చేతిలో పెట్టింది.

"నా సినిమాలన్నీ యాడికి పోయినాయో పాపా... ఇదొక్కటే మిగిలింది. మీయమ్మను గూడా పిల్చు. నేను అబద్ధం సెప్పలేదని సూడాల."

అమ్మ వచ్చింది. వెంట ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వచ్చారు. ముక్కను తలకిందులుగా పట్టుకుంటేనే బొమ్మ సరిగ్గా పడుతుంది. కంగారులో అక్క ఆ సంగతే మరిచింది... పంచె మీద రత్నమ్మ కాళ్లు పైకి, తల కిందికి!

"ఏమ్మే రత్నమ్మా, బొంబాయిలో నిన్ను ఇట్లనే నిలబెట్టినారా?" పక్కింటామె అనేసరికి అందరూ పకపకా నవ్వారు. రత్నమ్మకూ నవ్వొచ్చింది.

"తిప్పు పాపా, తిప్పు."

అక్క తిప్పింది. గుర్రం పక్కన, కళ్లెం పట్టుకుని, ఎవరినో సాగనంపుతున్న పడుచుపిల్ల... గడ్డం మీద రత్నమ్మకున్న పుట్టుమచ్చే. నవ్వులు ఆగిపోయాయి.

రత్నమ్మ లేచి పంచె పక్కన నిలబడింది. బొమ్మ ఆగిన చోటి నుంచి తను మొదలుపెట్టింది. లేని కళ్లెం వదిలింది... గుర్రం కనుమరుగయ్యేదాకా చూసింది... పిలవబోయి, చెయ్యి దించేసుకుంది. ఒక్క మాట లేదు.

అమ్మ ఇంట్లోకి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది.

"రేపు పేరంటానికి రాక్కా," అని ఆమె నుదుట బొట్టు పెట్టింది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరు కోడలిని. అత్తగారి ముందు నోరు విప్పడం ఇంకా చేతకాదు... ఇంట్లో మగ్గాల చప్పుడులో మా ఆయనతో కళ్లతోనే చెబుతాను. అది రత్నమ్మ దగ్గర నేర్చుకున్నదే.

ఇక్కడి టెంటు హాల్లో అన్నీ మాటలే, పాటలే... మూకీ అంటే మా ఆడబిడ్డ నమ్మదు. రత్నమ్మ పోయింది. నా పెళ్లినాడు ఆమె నా కొంగున కట్టిన ఆ రీలు ముక్క మాత్రం నా భరిణెలో ఉంది. మాడిన బల్బు ఒకటి దాచాను... ఆడబిడ్డకు అద్దం పట్టడం నేర్పాలి.

మీ వీధిలోనూ ఎవరూ బొట్టు పెట్టి పిలవని రత్నమ్మ ఒకరు ఉండే ఉంటారు... ఆమె సంగతి రాయరూ?