ఇంజన్లో పాతాళగరిగె

మా కాలంలో పురాణంగా చెప్పుకోదగ్గది ఒక్కటైనా జరిగిందా అని ఎవరైనా అడిగితే, జరిగిందని వెంటనే అంటాను. అందులో పాతాళం ఉంది, పాతాళంలో చిక్కుకున్న ఆయుధం ఉంది, దాన్ని పైకి తేవడానికి కూడిన జనం ఉన్నారు, తాడు ఉంది, చూపు లేకుండానే లోతులు తెలిసిన ఒక మహాతల్లి ఉంది. ఇక్కడిదాకా చెప్పేసరికి వినేవాళ్లు కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చుంటారు. అప్పుడిక నిజం చెప్పక తప్పదు. పాతాళమంటే ఒక పాత మోటారుకారు ఇంజను, ఆయుధమంటే జేనెడు స్క్రూడ్రైవరు, తాడు మా మామ మొలతాడు. జనం మాత్రం నిజంగానే జనం. ఆ రోజుల్లో మా సీమ పల్లెల్లో మోటారు ఆగిపోయిందంటే తిరునాళ్లు వచ్చినట్టే.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆత్మకూరు తట్టు ఒక పల్లెలో రెడ్డిగారి కారుకు డ్రైవరు. నేను ఇంట్లో ఉంటే ఎకసెక్కాలు తప్ప మరో పని చేయనని తేలిపోయాక, మా అమ్మ నన్ను ఆయనకు అప్పగించింది. అక్కడ పని నేర్చుకుని, చేతికి లైసెన్సు కూడా వచ్చి, నేనూ డ్రైవరునేనని నమ్మడం మొదలుపెట్టాను. (ఆ నమ్మకం ఊళ్లో ఇంకెవరికీ ఉన్నట్టు లేదు.) ఆ ఇంట్లో రెడ్డి మాట కారు దాకా చెల్లేది, మిగతా ఇల్లంతా ఆయన తల్లి అవ్వది. అవ్వకు రెండు కళ్లకూ పొర కమ్మింది. వెలుగూ నీడా తెలిసేవి, మనుషులను గొంతుతో పోల్చుకునేది. ఆపరేషన్ అంటే మాత్రం, కోయించుకోవడానికి తానేమన్నా వంకాయా అని ఏళ్ల తరబడి అడ్డం తిరిగింది. అలాంటిది ఆ ఏడు ఎందుకో సరేనంది. మద్రాసు నుంచి వచ్చిన కళ్ల డాక్టరు కర్నూలు ఆసుపత్రిలో రోగులను చేర్చుకునేది ఆ సాయంత్రం దాకానే. ఆ రోజు పోలేకపోతే డాక్టరు వెళ్లిపోతాడు. అంతకంటే ముందు అవ్వ నోట్లోంచి వచ్చిన సరే వెళ్లిపోతుంది. రెడ్డికి రెండో భయమే పెద్దది.

పొద్దున కారు బాగానే ఉంది. బాగున్నదాన్ని మరింత బాగుచేయాలని నాకు తోచింది. ఇంజన్లో నూనె పోసి, ఆ గొట్టానికి మూత పెట్టకుండానే, పక్కన ఏదో స్క్రూ వదులైందేమోనని స్క్రూడ్రైవరు తీశాను. (దాని పిడికి మామ ఒక నారతాడు దండలా కట్టి, మెడలో వేసుకుని పనిచేయమన్నాడు, అంతకు ముందుది నేను ఎక్కడో పోగొట్టాను మరి. మెడలో వేసుకుంటే గంట కట్టిన దూడలా ఉంటానని నేను వేసుకోలేదు.) అది జారింది. పడటానికి చుట్టూ అంత భూమి ఉండగా, పుట్టలోకి పాము దూరినట్టు తాడుతో సహా సూటిగా నూనెగొట్టంలోకి పోయింది. లోపల టంగుమని ఒక చిన్న చప్పుడు, అంతే.

మామ వచ్చి గొట్టంలోకి తొంగి చూశాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"అల్లుడా, నీకు రోడ్డు మీద కారు నిలిపే గురి లేదు గానీ, ఇట్లాంటియాటికి మాత్రం శానా ఉండాది" అన్నాడు.

తర్వాత రెడ్డికి పరిస్థితి వివరించాడు. అలాగే నడిపితే ఆ ఇనుము తిరిగే భాగాలకు తగిలి ఇంజను చెడుతుంది. ఇంజను కింది నూనెతొట్టి విప్పితే వస్తువు దొరుకుతుంది, కానీ నూనె కారకుండా మధ్యలో ఉన్న ప్యాకింగు చిరిగిపోతుంది. కొత్త ప్యాకింగు కర్నూల్లో దొరుకుతుంది. కర్నూలు పోవాలంటే కారు కావాలి. ఆత్మకూరు బస్సు తెల్లవారుజామునే పోయింది, ఎద్దులబండి సాయంత్రానికి సగం దారిలో ఉంటుంది. రెడ్డి ఇదంతా విని అరుగు మీద కూలబడ్డాడు. ఆ అరుగు మీదే పట్టుచీర కట్టుకుని, మూట పక్కన పెట్టుకుని, గుంజకు ఆనుకుని ఉన్న అవ్వ ముఖం మాత్రం వెలిగిపోయింది. తన రాత అట్లా ఉంటే ఎవరేం చేస్తారని చాలా దుఃఖంగా అంది. దుఃఖం ఒక పాలు ఎక్కువైంది. అప్పుడే మూట ముడి కూడా విప్పసాగింది.

ఈలోగా జనం చేరారు. మా సీమలో బావులు లోతు. తాడు తెగి చేదలూ బిందెలూ పడిపోవడం మామూలు. కాబట్టి లోపల పడ్డవాటిని పైకి తీయడంలో ప్రతివాడూ పండితుడే. ఒకాయన ఇది ఎన్ని మట్ల లోతని, అంటే ఎన్ని నిలువులని, అడిగాడు. ఇంకొకాయన అడుగున బురద ఉందా, రాయి ఉందా అన్నాడు. చివరికి అందరూ కలిసి తేల్చింది, పాతాళగరిగె వేయాలని. ఇనుప వలయానికి చుట్టూ కొక్కేలు వేలాడే ఆ పరికరం ఊరికంతా ఒక్కటే. అది అవ్వది. దానికొక వాడిక ఉంది: ఎవరు అడిగినా ఒక చెంబో, గిన్నెనో కుదువ పెట్టాలి; గరిగె తిరిగివచ్చి దాని మేకుకు వేలాడేదాకా ఆ వస్తువు అవ్వ దగ్గరే.

"మ్మా, గరిగె కావల్ల" అన్నాడు రెడ్డి.

"ఏం కుదువ పెడతాండావు?"

"కారు మనదే గదమ్మా."

"కారు నీది, గరిగె నాది. వాడిక వాడికే."

ఇంట్లోంచి గిన్నె తెస్తే అది కూడా అవ్వదే. అందుకని మామ కారు పక్కన హారనుగా మోగే రబ్బరు బూర విప్పి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. అవ్వ ఒకసారి నొక్కి చూసి ఒప్పుకుంది. గరిగె మొత్తం గొట్టంలో పట్టదు గనక, దాని నుంచి ఒక చిన్న కొక్కెం విడదీశారు. దానికి సన్నటి, గట్టి తాడు కావలసివచ్చింది. మామ నిట్టూర్చి మొలతాడు విప్పాడు. (ఖాకీ నిక్కరు గుండీ ఊడినప్పటి నుంచి ఆయనకు అదే ఆధారం.) ఒక చేత్తో నిక్కరు, మరో చేత్తో తాడు పట్టుకుని ఆయన ప్రయత్నించాడు. కొక్కెం ఖాళీగా, నల్లగా వచ్చింది. నేను ప్రయత్నించాను. ఇంకా నల్లగా వచ్చింది.

అరుగు మీద అవ్వ చెవులు రిక్కించుకుని వింటోంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కోత పడకుండా ఆమె కన్ను ఆమెకు మిగులుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఎదురుగా ఎవరో గరిగెను చేతకాకుండా వేస్తుంటే వింటూ కూర్చోవడం కూడా ఒక రకం ఆపరేషనే.

"గొడ్డుకు కుడితి కలిపినట్ల కలుపుతాండారు" అని గొణిగింది. ఇక ఆగలేక, బూర చంకలో పెట్టుకుని తడుముకుంటూ వచ్చింది. "ఆ తాడు ఈడ ఇయ్యప్పా."

కళ్లు మూసుకుని తాడును గొట్టంలోకి వదిలింది. మునివేళ్లు తప్ప ఇంకేమీ కదలలేదు. ఇది గోడ, ఇది నూనె, ఇది కట్టె అని తనకు తానే చెప్పుకుంటూ పోయింది. కట్టె అంటే స్క్రూడ్రైవరు పిడి.

"దీనికి తాడేమన్నా కట్టిండారా?" అంది.

కట్టి ఉందని చెప్పాను. ముందే చెప్పాల్సిన మాటలు ఎప్పుడూ చెప్పవని నన్ను తిట్టి, మణికట్టు కొంచెం తిప్పింది. నిండు బిందెను లాగినంత నెమ్మదిగా, చేతి మీద చెయ్యి వేసి లాగింది. మామ కట్టిన నారతాడు కొక్కేనికి తగులుకుని, చెవి మెలిపెట్టి తీసుకొచ్చిన దొంగలాగా స్క్రూడ్రైవరు నూనె కారుస్తూ బయటికొచ్చింది. జనం మెచ్చుకున్నారు. అవ్వ కూడా గర్వంగా నవ్వింది. అప్పుడు రెడ్డి మెల్లగా, "ఎక్కు మ్మా" అన్నాడు.

అవ్వ నవ్వు ఆగిపోయింది. తను పైకి లాగింది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసివచ్చింది. ఇలాంటప్పుడు గంభీరంగా ఉండటం నాకు చేతకాదు.

"అవ్వా, మళ్లా లోపల ఏసేదా?" అని ఆమె చెవి దగ్గర అడిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. తర్వాత, "వద్దులే. మళ్లా తియ్యల్సింది నేనే గదా" అంది. మూట ముడి తనే మళ్లీ వేసుకుని కారెక్కింది.

తొందరలో గరిగె, కొక్కెం కూడా కారులోనే వచ్చాయి. గరిగె మేకుకు వేలాడలేదు గనక బూర అవ్వ ఒళ్లోనే ఉండిపోయింది. దారి పొడుగునా భయం వేసినప్పుడల్లా ఆమె దాన్ని నొక్కింది. గొర్రెల మంద ఎదురైనా నొక్కింది, ఎవరూ ఎదురుకాకపోయినా నొక్కింది. ఆసుపత్రి దగ్గరపడేకొద్దీ ఆపకుండా నొక్కింది. ఎవరూ వద్దనలేదు. కట్టు విప్పిన రోజు, మంచం పక్కన నిలబడిన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వేనా? గొంతు విని ఇంగా పెద్దోడు అనుకుంటి" అంది. అంత తేటగా నన్ను ఎవరూ చూడలేదు.

ఇప్పుడు నేను బస్సు నడుపుతున్నాను. బానెట్ ఎత్తినప్పుడల్లా ఆ స్క్రూడ్రైవరునే మెడలో వేసుకుంటాను, గంట కట్టిన దూడలా ఉన్నా సరే. క్లీనరు కుర్రాళ్లు చాటుగా నవ్వుతారు. ఆ వయసులో నేను వాళ్లకంటే బాగా నవ్వేవాణ్ణి. ఇక ఆ స్క్రూడ్రైవరు విషయానికొస్తే, దాని మొన కొంచెం వెడల్పు. ఆ రోజు నేను బిగించబోయిన స్క్రూ గాడిలో అది అసలు పట్టదు.