తోడు చెక్క

చెక్కను నునుపు చేసే సాండర్ మిషన్ ఆపేసినా దాని వణుకు ఇంకా కాసేపు మణికట్టులోనే ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం కూడా అంతే. టేకు పొట్టు వాసన, ముక్కుకు కట్టుకున్న తువ్వాలను దాటి గొంతులోకి దిగింది. హోటల్ కౌంటర్ కోసం వచ్చిన పలక అంచు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నడిపించాను. సగం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత వేలు జారింది. అంచు అంటే కోసినట్టు తెగి ఉండాలి. అక్కడ మాత్రం వాడిన సబ్బు బిళ్లలా గుండ్రంగా అరిగిపోయింది. ఆ ఘనకార్యం ఇంకెవరిదో కాదు, నాదే. యాభై దాటిన ఒళ్ళు, పొద్దుటి నుంచి నిలబడే ఉంది. నన్ను నేను తిట్టుకునే ఓపిక కూడా లేక స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు నాకు ఈ పని నేర్పిన వెంకటాచారి మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన గుర్తురాని రోజులు తక్కువే, కానీ ఇవాళ ఎదురుగా వచ్చి నిలబడినట్టు వచ్చాడు.

కొత్తగూడెం నుంచి చండ్రుగొండ పోయే రోడ్డు పక్కన ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. తలుపులు, మంచాలు అందరూ చేస్తారు. కొట్లకు, హోటళ్లకు టేకు కౌంటర్లు కావాలంటే మాత్రం సత్తుపల్లి నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. మణుగూరు గనుల్లో కాంట్రాక్టు పని పోయాక, ముప్పై ఆరేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిగా నేను ఆయన దగ్గర చేరాను. ఆ వయసులో కొత్తగా పని నేర్చుకోవడం సిగ్గుగా ఉండేది. సిగ్గు కనపడకుండా బలం చూపించేవాణ్ణి. మొదటి రోజే మిషన్ మీద ఒళ్ళంతా మోపి తోశాను. గంట తిరక్కుండానే పలక నిగనిగలాడింది. మేస్త్రి వచ్చి దాని పైభాగం చూడనే లేదు. వంగి, అంచు పక్కకు కన్ను తెచ్చి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

“నర్సయ్యా, బొగ్గు తవ్వుతున్నవా ఏంది?” అన్నాడు. “మిషన్‌కు దాని బరువు దానికున్నది. నీ బరువు నువ్వే ఉంచుకో.”

తర్వాత పెన్సిల్ తీసుకుని పలకంతా పిచ్చిగీతలు గీశాడు. మిషన్ అడుగునుండే గరుకు కాగితం తిరిగినచోటల్లా గీతలు చెరిగిపోతాయి. నడుమ ఉన్నవీ అంచు మీదవీ ఒక్కసారే పోవాలి. అంచువి ముందుగా పోయాయంటే మిషన్ ఒరిగిందన్నమాట. “నడిమిట్ల ఎవ్వని చెయ్యీ ఒరగది. కొసకు వచ్చేసరికి, ఇగ అయిపాయె అని మనసు అనుకుంటది. గప్పుడు మణికట్టు వొంగుతది” అన్నాడు. అని, పలక ఎంత మందమో అంతే మందమున్న ఒక పట్టీ చెక్కను అంచుకు ఆనించి క్లాంపులతో బిగించాడు. ఇక పలక ఎక్కడ అయిపోయిందో మిషన్‌కు తెలియదు. చెయ్యి ఒరిగినా అరిగేది పట్టీయే, పలక అంచు కాదు. దాన్ని ఆయన తోడు చెక్క అనేవాడు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. తోడు చెక్క కొత్తవాళ్లకే. చెయ్యి నిలబడిందని తోచిన రోజు మేస్త్రి స్వయంగా దాన్ని విప్పి గోడకున్న మేకుకు తగిలిస్తాడు. ఆ మీదట ఆ మనిషి పలకకు ఎవరూ దాన్ని బిగించకూడదు. నాది విప్పడానికి పదకొండు నెలలు పట్టింది. “ఇగ నీకు తోడెందుకు?” అన్నాడు, అంతే. ఆ సాయంత్రం అందరికీ మిర్చి బజ్జీలు నేనే తెప్పించాను. గనుల్లో అన్నేళ్లు చాకిరీ చేసినా నాతో ఎవరూ అంత మంచి మాట అనలేదు మరి.

ఏడెనిమిదేళ్లు గడిచాక, మేస్త్రి పలకల మీద అంచు గీతలు ముందుగా పోవడం మొదలైంది. మొదట నా కళ్ళనే అనుమానించాను. తర్వాత ఆయన టీ గ్లాసు పట్టుకునే తీరు చూశాను. రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఆయన ఇంటికి వెళ్లాక నేను ఆగి, రంద పట్టి, అంచులు పలచగా చెక్కి సరిచేసేవాణ్ణి. ఆయనకు తెలియదనే అనుకున్నాను.

ఆ ఎండాకాలం సత్తుపల్లి నుంచి బట్టల కొట్టు ఆసామి ఒకాయన పలక తెచ్చాడు. ఎక్కడా అతుకు లేని టేకు, అంత పొడవూ ఒకే పలక. దాని అంచు వెంబడి బట్ట కొలిచే ఇత్తడి పట్టీ కూర్చోవాలి. అంచు గుండ్రమైతే ఇత్తడి లేచి నిలుస్తుంది, బట్ట దానికి తగులుకుని చిరుగుతుంది. “మేస్త్రిగారూ, ఇలాంటిది మళ్ళీ దొరకదండీ. మీ చేత్తోనే చెయ్యాలి” అన్నాడాయన. మేస్త్రి తల ఊపాడు. ఆ పలక పాడైతే దాంతోపాటు నలభై ఏళ్ల పేరు పోతుంది. మర్నాడు ఆయనకంటే ముందే షెడ్డుకు వెళ్లి, మేకుకున్న తోడు చెక్క తీసి ఆ పలకకు బిగించాను.

ఆయన వచ్చాడు. మొహానికి తువ్వాల కట్టుకుంటూ పలక వైపు చూశాడు. ముడి వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. నేను గరుకు కాగితాలు వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

“ఎవలు బిగించిన్రు?”

“నేనే మేస్త్రీ. ఖరీదైన పలక గదా అని...”

“అవ్. ఖరీదైందే.”

తిడతాడనుకున్నాను, విప్పి విసిరేస్తాడనుకున్నాను. ఏదీ చేయలేదు. మిషన్ అందుకుని, నిన్న చేరినవాడిలా, ఆ చెక్క తోడుతోనే పనంతా ముగించాడు. అంచు చెక్కుచెదరకుండా వచ్చింది. తోడు చెక్క ఒక కొస మాత్రం బాగా అరిగింది. అది ఆయనా చూశాడు, నేనూ చూశాను. ఆయనే దాన్ని విప్పి, పొట్టు దులిపి, మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాలుగో రోజు ఇంటికి వెళ్లాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ చేతులు అలా ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. “తప్పయింది మేస్త్రీ” అన్నాను.

“చెక్క పెట్టుడు తప్పు గాదు నర్సయ్యా. నా చెయ్యి పోయిందని నాకెర్క లేదా? నేను పోయినంక నువ్వు రంద పట్టుడు గూడ ఎర్కే.” కాసేపు రోడ్డు మీద పోయే లారీని చూశాడు. “నన్ను అడిగేదుండె. మేస్త్రీ, ఇయ్యాల చెక్క పెడ్దామా అని ఒక్క మాట అడుగుతే, పెట్టు బిడ్డా అందును. నాకై నేను అడగలేకపోయిన. నువ్వన్న అడుగుతవని చూసిన.”

ఆ తర్వాత ఆయన షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు, కబుర్లు చెప్పేవాడు, కానీ మిషన్ ముట్టలేదు. ఆ వచ్చిన వానాకాలం దాటకుండానే కన్నుమూశాడు. ఆయన పరువు కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అడిగే ధైర్యం చాలక దొంగచాటుగా బిగించానని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఇవాళ అదే షెడ్డులో, స్టూలు మీద నుంచి తలెత్తి చూస్తే, నాతో పనిచేసే మా బామ్మర్ది రమేశు పలక దగ్గర నిలబడి ఉన్నాడు. అతని వేలు కూడా ఆ గుండ్రపు చోటు మీదే ఉంది. నేను చూస్తున్నానని తెలిసి గబుక్కున అటు తిరిగి గరుకు కాగితాలు వెతకసాగాడు. కాగితాల కట్ట అతని ముందే ఉంది.

“రమేశూ, ఏం దేవులాడుతున్నవ్? ఆ అంచుకు జర రంద పట్టి, మేకుకున్న తోడు చెక్క తెచ్చి బిగించు. నా చెయ్యి వొంగుతున్నది.”

“నీకెందుకు బావా చెక్క? రేపు చేద్దాం తియ్.”

“తే రా అయ్యా.”

అతను అంచు సరిచేసి చెక్క తెచ్చాడు. దాని ఒక కొసన మేస్త్రి చెయ్యి ఒరిగిన లోతు ఇంకా అలాగే ఉంది. ఆ కొసను పని అయిపోయిన సగం వైపుకు తిప్పమన్నాను. మోకాళ్లు పట్టుకుని లేచి, తువ్వాల మళ్ళీ కట్టుకున్నాను.

“గట్టిగ బిగించు” అన్నాను. “ఇంకా సగం పలక ఉన్నది.”