పార్లమెంటు మాటకు నా తెలుగు

మొన్న సాయంత్రం టీవీలో పార్లమెంటు సమావేశం చూస్తుంటే, ఎవరి మాటా ఎవరికీ వినపడని ఆ గోలలో మా మేనమామ గుర్తుకొచ్చారు. ఏలూరులో ప్లీడరాయన. విక్టోరియా రాణి కాలంలో లండను పార్లమెంటులో మన దేశం తరఫున ఏళ్ల తరబడి వాదించిన ఒక తెల్లదొర ప్రసంగాలంటే ఆయనకు ప్రాణం. పులుసు చల్లారిపోతోందని అత్తయ్య విసుక్కున్నా సరే, భోజనాల దగ్గర కూడా ఆ వాదాల ముచ్చటే.

ముప్పైల నాటి సంగతి. నేను తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, మావయ్యగారింట్లో ఉంటూ ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మగా చేరాను. ఆ ఏడు కొల్లేరు పొంగి చేలన్నీ మునిగాయి, అయినా సర్కారువారు శిస్తు కట్టాల్సిందేనన్నారు. సభల్లో ప్రసంగాలు చెయ్యకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చారు. వాళ్లు వద్దన్నది మన మాటల్ని కదా, వాళ్ల పార్లమెంటులో వాళ్ల దొర అన్నవి చదివితే కాదనేదెవరని మావయ్యకు తోచింది. ఆయన ఇంగ్లీషులో చదవడం, నేను తెలుగులో చెప్పడం అనుకున్నాం.

ఆ రోజు గ్రంథాలయం హాలు కొల్లేటి రైతులతో నిండిపోయింది. ముందు వరసలో సబ్ ఇన్‌స్పెక్టరు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. పంట పోయినవాడి దగ్గర పన్ను పిండే ప్రభుత్వం గురించి ఆ దొర నిలదీసిన చోటికి వచ్చేసరికి, ఆపమంటారేమోనని మావయ్య వైపు చూశాను. ఆయన ఆగలేదు. చేను మునిగినవాడి గుమ్మంలో నిలబడి శిస్తు అడిగే దొరతనం ఎవరికి జవాబు చెబుతుందని తెలుగులో అడిగాను. సబ్ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డారు.

"ఇవి నా మాటలు కావండి, పార్లమెంటులోవి," అన్నారు మావయ్య, పుస్తకం చూపిస్తూ.

"మీవి రాసుకోలేదండి. ఆవిడ తెలుగులో అన్నవి రాసుకున్నాను," అన్నారాయన నెమ్మదిగా, నన్ను మర్నాడు కోర్టుకు రమ్మంటూ.

పొద్దున్నే నాన్నగారు రైలు దిగి వచ్చి, తప్పయిందని చెప్పేయమ్మా అని బతిమాలారు. కోర్టులో మేజిస్ట్రేటు తెలుగువారే. ఆ ఇంగ్లీషు పేరా తనే ఓసారి చదువుకుని, దాన్ని మళ్లీ తెలుగులో చెప్పమన్నారు. మెత్తని మాటలు వెతికితే బయటపడేదాన్నేమో, కానీ రైతులు కొందరు వెనక నిలబడి ఉన్నారు. ముందు రోజు చెప్పినట్టే చెప్పాను. ఆయన పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశారు.

"తర్జుమా సరిగ్గానే ఉంది. ఇకమీదట ఇంట్లో చదువుకోండమ్మా," అని పంపేశారు.

బడి వాళ్లు మాత్రం సర్కారిచ్చే గ్రాంటు పోతుందన్న భయంతో నన్ను మానేయమన్నారు. శిస్తూ తగ్గలేదు. ఆ రాత్రి అత్తయ్య మావయ్యకంటే ముందు నాకు వడ్డించింది.

ఇవాళ ఎవరేమన్నా కోర్టుకు లాగేవారు అరుదు, అందుకు సంతోషమే. కానీ పడవల మీద వచ్చి, అర్థంకాని ఇంగ్లీషు అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, తెలుగు మాట కోసం ఒక్కసారిగా నావైపు తిరిగిన ఆ కొల్లేటి రైతుల ముఖాల్లాంటివి మళ్లీ ఏ సభలోనూ నాకు కనపడలేదు.